యంత్రగజం కడుపులో దొంగలు

జంషెడ్‌పూర్ నగరంలోని సిద్ధగోరాలో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. ఇంటి పెద్ద ఉక్కు కర్మాగారంలో చిరకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. చుట్టూ హిందీ, బెంగాలీ వినిపించే ఊరిలో మనుమరాలి నామకరణ ఆహ్వానాన్ని తెలుగులోనే అచ్చు వేయించాలని ఆయన సంకల్పం. తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేరు కోసం ఇంటర్నెట్‌లో వెదికారు. వెల పెట్టి కొనవలసిన ప్రోగ్రామును ఎవరో అపరిచితులు ‘పూర్తిగా ఉచితం’ అని ఒకచోట ఉంచారు. దాని పక్కనే చిన్న సూచన: ‘ముందుగా యాంటీవైరస్‌ను ఆపివేయండి. లేనిచో ఇది పనిచేయదు.’

ఆయన ఆపివేశారు. ప్రోగ్రాము చక్కగా పనిచేసింది. ఆహ్వానపత్రం ముచ్చటగా వచ్చింది. పది రోజుల తరువాత ఒక తెల్లవారుజామున, ఆయన చేయని చెల్లింపును గురించి బ్యాంకు నుంచి సందేశం వచ్చింది.

ఈ కుటుంబం కల్పితమే కాని, ఇందులో జరిగిన మోసం కల్పితం కాదు. ఇంటి తలుపును ఎవరూ పగులగొట్టలేదు. యజమానే తెరిచారు, కాపలావానిని కూడా తానే పంపివేశారు. ఇట్టి ప్రోగ్రాముకే ‘ట్రోజన్’ అని పేరు.

పేరు గ్రీకు గాథ నుంచి వచ్చింది. ట్రాయ్ నగరవాసులు కొయ్యగుర్రాన్ని తామే కోటలోకి లాగుకొన్నారు; దాని కడుపులోని సైనికులు రాత్రివేళ బయటికి వచ్చారు. కథాసరిత్సాగరం చదివినవారికి ఇటువంటి కథ మన దేశంలోనూ ఉన్నదని తెలుసు. ఏనుగులను వీణానాదంతో వశపరచుకొనే ఉదయనుణ్ణి పట్టుకొనడానికి ఉజ్జయిని రాజు చండమహాసేనుడు యంత్రగజాన్ని చేయించి, దాని కడుపులో యోధులను దాచి, వింధ్యారణ్యంలో నిలిపాడు. ఉదయనుడు సైన్యాన్ని దూరంగా ఉంచి, వీణతో ఏనుగును సమీపించి బందీ అయ్యాడు. అతడి బలహీనతను కాదు, అతడికి ప్రియమైన విద్యనే శత్రువు ఎరగా వాడుకున్నాడు. ట్రోజన్ మర్మమంతా ఇందులోనే ఉంది.

కంప్యూటరు భద్రతలో ఈ పేరు కొత్తది కాదు. అమెరికా వైమానిక దళం కోసం 1972లో తయారైన ఒక నివేదికలోనే ఇది కనిపిస్తుంది. 1989 డిసెంబరులో సుమారు ఇరవై వేల ఫ్లాపీ డిస్కులు పలు దేశాలకు తపాలాలో చేరాయి. ఎయిడ్స్ వ్యాధిని గురించిన సమాచారం అని వాటిపై రాసి ఉంది. అందులోని ప్రశ్నావళి నిజంగానే పనిచేసింది. కాని, కంప్యూటరును సుమారు తొంభై సార్లు తెరిచిన తరువాత అందులోని ఫైళ్ల పేర్లు గుర్తుపట్టరానివిగా మారిపోయేవి. పనామా దేశంలోని ఒక తపాలా పెట్టెకు 189 డాలర్లు పంపమని తెర మీద ఆజ్ఞ వెలువడేది.

వైరస్, వర్మ్, ట్రోజన్ అనే మాటలను ఒకే అర్థంలో వాడడం పరిపాటి. వైరస్ ఇతర ఫైళ్లకు అంటుకొని వ్యాపిస్తుంది. వర్మ్ ఎవరి సాయమూ లేకుండా, లోపమున్న యంత్రం నుంచి మరొకదానికి పాకుతుంది. 2017 మేలో లోకమంతటినీ కలవరపరచి, ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కంప్యూటర్లను సైతం తాకిన వానాక్రై ఈ జాతిది. ట్రోజన్ తనంతట తాను పాకదు. మన అనుమతి దానికి అవసరం. అందుకే అది ఉచిత ప్రోగ్రాముగా, బిల్లుగా, ఉద్యోగ పత్రంగా, పన్ను వాపసు సమాచారంగా వేషం వేసుకుంటుంది.

లోపల ప్రవేశించిన తరువాత అది చేసే మొదటి పని, కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ తానూ మేల్కొనేటట్లు ఏర్పాటు చేసుకోవడం. తరువాత నొక్కిన అక్షరాలను నమోదు చేయడం, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులను కాజేయడం, దూరాన ఉన్నవాని చేతికి యంత్రాన్ని అప్పగించడం, మరికొన్ని దుష్ట ప్రోగ్రాములను లోనికి దింపడం — ఇవి దాని వృత్తి. ఫోనులో అయితే ఎస్సెమ్మెస్‌లను చదివి, బ్యాంకు పంపే రహస్య సంఖ్యను కూడా అపహరిస్తుంది. ఆదాయపు పన్ను వాపసు పేరుతో వచ్చే ‘డ్రినిక్’ అనే ట్రోజన్‌ను గురించి భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. జార్ఖండ్‌లోనే జామ్‌తాడా పోలీసులు, ప్రభుత్వ పథకాల పేర్లతో ఇటువంటి యాప్‌లను తయారుచేసిన ముఠాను 2025 జనవరిలో పట్టుకున్నారు.

యంత్రం అకారణంగా మందగించినా, యాంటీవైరస్ తనంతట తాను ఆగిపోయినా, చేయని పనులకు సందేశాలు వచ్చినా అనుమానించాలి. అయితే నేర్పుగల ట్రోజన్ ఏ సూచనా కనబడనీయదు.

అనుమానం కలిగినప్పుడు చేయవలసిన పనులకు ఒక క్రమం ఉంది. ఆ క్రమం తప్పితే శ్రమ వృథా.

మొదట కంప్యూటరును ఇంటర్నెట్ నుంచి వేరు చేయాలి. దొంగకూ అతడి ఏజెంటుకూ మధ్య తీగ తెగుతుంది.

రెండవది, యంత్రాన్ని కాక సొమ్మును ముందు కాపాడుకోవాలి. మరొక శుభ్రమైన ఫోను నుంచి బ్యాంకుకు తెలిపి ఖాతాను, కార్డును స్తంభింపజేయాలి. సొమ్ము పోయి ఉంటే 1930 సంఖ్యకు వెంటనే ఫిర్యాదు చేయాలి. ఆలస్యమైనకొద్దీ సొమ్ము చేతులు మారుతుంది. పాస్‌వర్డులను కూడా ఆ శుభ్రమైన యంత్రం నుంచే మార్చాలి. ముందుగా ఈ-మెయిలుది, ఆపైన బ్యాంకుది. జబ్బుపడిన కంప్యూటరులోనే కొత్త పాస్‌వర్డు టైపు చేయడమంటే, మార్చిన తాళంచెవిని దొంగ చేతికే ఇవ్వడం.

మూడవది చికిత్స. ముఖ్యమైన పత్రాలను, ఛాయాచిత్రాలను మాత్రమే వేరే డిస్కులోకి ఎత్తుకోవాలి, ప్రోగ్రాములను వద్దు. విండోస్‌లో ‘డిఫెండర్ ఆఫ్‌లైన్’ అనే పరిశీలన ఉంది. అది విండోస్ మేల్కొనక మునుపే నడుస్తుంది గనుక, దాగిన ట్రోజన్‌కు అడ్డుపడే అవకాశం తక్కువ. తరువాత అనుమానాస్పదమైన ప్రోగ్రామును, తెలియని బ్రౌజరు జోడింపులను తొలగించి, మరొక పేరుపొందిన యాంటీవైరస్‌తో మళ్లీ పరిశీలించాలి. సెర్ట్-ఇన్ నిర్వహణలో 2017 ఫిబ్రవరిలో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఇందుకు ఉచిత సాధనాలను అందిస్తోంది. ఫోను విషయంలో సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ యాప్‌కు ఇచ్చిన ప్రత్యేకాధికారాలను రద్దుచేసి, పిమ్మట దానిని తొలగించాలి.

ఇంత చేసినా సందేహం మిగిలితే, డిస్కును పూర్తిగా చెరిపి విండోస్‌ను కొత్తగా స్థాపించుకోవడమే నిశ్చింత. కష్టమే, కాని దొంగ ఇంకా అటక మీద ఉన్నాడేమోనన్న భయం కంటె అది తేలిక. ‘మీ కంప్యూటరులో వైరస్ ఉంది, ఇక్కడ నొక్కండి’ అని తెర మీద హఠాత్తుగా ప్రత్యక్షమయ్యే వైద్యుణ్ణి మాత్రం నమ్మరాదు. ఆ మందు సీసాలోనే మరో ట్రోజన్ ఉండవచ్చు.

నివారణ ఇంతకంటె సులభం. ప్రోగ్రామును తయారుచేసినవారి దగ్గరినుంచే తెచ్చుకోవాలి. వచ్చిన సవరణలను వెంటవెంటనే వేసుకోవాలి. దినచర్యకు నిర్వాహకాధికారం లేని సాధారణ ఖాతాను వాడాలి. అన్నిటికంటె ముఖ్యం, కాపలావానిని పంపివేయమని కోరే అతిథిని గుమ్మం దాటనీయకూడదు.

సిద్ధగోరా పెద్దాయన కథలో ఒక విషాదకరమైన చమత్కారం మిగిలి ఉంది. కంప్యూటరును బాగుచేస్తూ ఆయన కుమార్తె సెట్టింగులు తెరిచి, “నాన్నగారూ, ఇటు చూడండి” అని ఉండేది. తెలుగు అక్షరాలూ, తెలుగు కీబోర్డూ విండోస్‌తో పాటే వస్తాయి. ఎంచుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు. ఆయన ఊరంతా వెదికి, ఇల్లు గుల్ల చేసుకొని తెచ్చుకున్న వస్తువు మొదటినుంచీ ఇంట్లోనే ఉంది.