అడిగితే చెప్పవలసిన మాట

చదరంగపు పోటీలో తీర్పరిగా కూర్చునేవాడికి నిబంధనలు తెలిసి ఉండడం అవసరమే. ఆ నిబంధనను ఎప్పుడు చెప్పాలో, ఎప్పుడు చెప్పకూడదో తెలియడం అంతకంటె అవసరం. ఈ సంగతి నాకు నేర్పినవాడు పన్నెండేళ్ళ కుర్రవాడు.

కొన్నేళ్ళ క్రితం ఒక పాఠశాలలో పిల్లలకు చదరంగం పోటీ పెట్టారు. రావలసిన తీర్పరి రాలేకపోయాడు. ఆట తెలిసినవాణ్ణి గదా అని నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. సాయంత్రానికి ఒక్క బల్ల దగ్గర మాత్రమే ఆట మిగిలింది. ఒక కుర్రవాడికి ఏనుగు అదనంగా ఉంది. గెలుపు అతనిదే, అయితే దారి తోచక రాజును ముందుకూ వెనక్కూ జరుపుతున్నాడు. ఎదుటి పిల్లవాడూ అదే పని చేస్తున్నాడు. బల్ల మీద ఒకే స్థితి మూడవసారి వచ్చింది. పక్కనే నిలబడి లెక్కపెడుతున్న నేను చేయి అడ్డం పెట్టి, “ఇక చాలు, ఆట డ్రా” అన్నాను. ఓడిపోవలసిన పిల్లవాడి ముఖం వికసించింది. గెలవవలసినవాడు తల ఎత్తి, “వాడు అడగలేదు గదండీ, మీరెందుకు చెప్పారు?” అన్నాడు.

నిబంధన నిబంధనే అని గద్దించి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాను. ఆ రాత్రి ఇంటికి వచ్చి పుస్తకం తీసి చూస్తే, కుర్రవాడు అన్నదే న్యాయమని తేలింది.

ప్రపంచ చదరంగ సమాఖ్య అయిన ‘ఫిడే’ 1924లో పారిస్ నగరంలో ఏర్పడింది. నేడు దేశదేశాల పోటీలకు ఆధారం దాని నిబంధనావళే. దాని ప్రకారం ఒకే స్థితి మూడుసార్లు వస్తే ఆట డ్రాగా తేల్చమని కోరవచ్చు. కోరే హక్కు మాత్రం ఆటగాడిది. అతడు గమనించకపోతే, గమనించీ కోరకపోతే, ఆట సాగవలసిందే. తీర్పరి తనంతట తాను ఆటను ఆపవలసింది అదే స్థితి ఐదుసార్లు వచ్చినప్పుడు. ఈ ఏర్పాటు 2014లో వచ్చింది. నేను మూడింటికే నోరు విప్పాను. లెక్క పెట్టుకోవడం ఆటలో ఒక భాగం. ఆ భాగాన్ని ఒక పిల్లవాడి తరఫున నేనే ఆడాను.

అయితే తీర్పరి ఎల్లవేళలా మౌనంగా ఉండాలా? అదీ కాదు. ఆటగాడు నిబంధన గురించి అడిగితే స్పష్టంగా చెప్పవలసిందే. 1974లో మాస్కోలో కార్పోవ్, కోర్చ్‌నోయ్‌ల మధ్య జరిగిన పోటీ ఇందుకు ఉదాహరణ. ఇరవై ఒకటవ ఆటలో కోర్చ్‌నోయ్ లేచి తీర్పరి ఓ’కెల్లీ దగ్గరకు వెళ్ళి, తన ఏనుగు మీద శత్రువు దాడి ఉండగా కోట కట్టవచ్చునా అని అడిగాడు. అప్పటికి అతడు ప్రపంచంలోని అగ్రశ్రేణి ఆటగాళ్ళలో ఒకడు. రాజు దాడికి గురై ఉన్నప్పుడు గాని, దాడి ఉన్న గడిని దాటవలసి వచ్చినప్పుడు గాని, అటువంటి గడిలో దిగవలసి వచ్చినప్పుడు గాని కోట కట్టరాదు. ఏనుగు విషయంలో అటువంటి అభ్యంతరం లేదు. స్వయంగా గ్రాండ్‌మాస్టర్ అయిన ఓ’కెల్లీ కట్టవచ్చునని చెప్పాడు. కోర్చ్‌నోయ్ కోట కట్టి, 19 ఎత్తులలోనే ఆ ఆట గెలిచాడు.

ఇక్కడ గమనించవలసిన గీత ఒకటి ఉంది. “కోట కట్టవచ్చునా?” అన్నది నిబంధనకు సంబంధించిన ప్రశ్న. “కోట కట్టడం మంచిదా?” అన్నది ఆటకు సంబంధించిన ప్రశ్న. మొదటిదానికి ఎవరు అడిగినా ఒకే జవాబు చెప్పాలి. రెండవదానికి ఎవరు అడిగినా జవాబు చెప్పకూడదు.

ఆటగాడు అడగవలసి ఉండీ అడగకపోతే ఏమవుతుంది? 1994లో స్పెయిన్‌లోని లినారెస్‌లో ప్రపంచ విజేత కాస్పరోవ్ పదిహేడేళ్ళ జూడిత్ పోల్గార్‌తో ఆడుతూ గుర్రాన్ని ఒక గడిలో పెట్టి, ప్రమాదం తోచి, దానిని మరొక గడికి మార్చాడు. చేయి వదిలిన తరువాత ఎత్తు మార్చరాదన్నది నియమం. అతని వేళ్ళు సుమారు పావు సెకను కాలం గుర్రాన్ని వదిలినట్లు ఆ తరువాత చలనచిత్రంలో కనిపించింది. పోల్గార్ మాత్రం బల్ల దగ్గర ఫిర్యాదు చేయలేదు. అంత పెద్ద పోటీకి తనను పిలవడం అదే మొదటిసారి గనుక రభస ఎందుకని ఊరుకున్నాననీ, ఫిర్యాదు నిలబడకపోతే గడియారంలో తన సమయం కోస్తారని భయపడ్డాననీ తరువాత చెప్పింది. ఆట కాస్పరోవ్ గెలిచాడు.

ఈ ఉదంతం చెప్పినప్పుడల్లా అందరూ కాస్పరోవ్ గురించే వాదించుకుంటారు. నాకు తీర్పరి కుర్చీ గుర్తుకు వస్తుంది. చిన్న ఆటగాడు పెద్ద ఆటగాడి మీద ఫిర్యాదు చేయడానికి జంకే చోట నిబంధన ఎంత చక్కగా రాసి ఉన్నా సగమే పనిచేస్తుంది. అడిగే హక్కు ఆటగాడిదే అన్నామంటే, అడిగినవాడికి అవమానం జరగదన్న నమ్మకం కలిగించే బాధ్యత తీర్పరిదే అన్నమాట.

తీర్పు తప్పితే ఏం చేయాలి? 2017 డిసెంబరులో రియాద్‌లో జరిగిన ప్రపంచ బ్లిట్జ్ పోటీలో కార్ల్‌సన్ ఎదుటివాడైన ఇనార్కీవ్ రాజుకు చెక్ చెప్పాడు. తొందరలో ఇనార్కీవ్ తన రాజును కాపాడుకోకుండా కార్ల్‌సన్ రాజుకే ఎదురు చెక్ చెప్పాడు. ఇది చెల్లని ఎత్తు. కార్ల్‌సన్ అది పట్టుకోకుండా తన రాజును జరిపాడు. వెంటనే ఇనార్కీవ్ గడియారం ఆపి, ఆ జరపడమే చెల్లదని ఫిర్యాదు చేశాడు. అక్కడి తీర్పరి మొదట అతణ్ణే విజేతగా ప్రకటించాడు. కార్ల్‌సన్ అభ్యంతరం చెప్పగా ప్రధాన తీర్పరి ఆ నిర్ణయాన్ని మార్చి, ఉన్న స్థితి నుంచి ఆట కొనసాగించమన్నాడు. ఇనార్కీవ్ నిరాకరించడంతో గెలుపు కార్ల్‌సన్‌కు దక్కింది. తాను చేసిన తప్పునే ఆధారం చేసుకుని ఎదుటివాడిని దండించమనడం న్యాయం కాదని సామాన్యుడికీ తోస్తుంది. మొదటి తీర్పు అందరి ముందూ మారింది గనుక రెండవ తీర్పుకు విలువ వచ్చింది.

నిబంధనావళి పీఠికలోనే ఒక మంచి మాట ఉంది. ఆటలో తలెత్తే సమస్యలన్నింటినీ ముందుగా ఊహించి రాయడం సాధ్యం కాదు. మరీ వివరంగా రాస్తే తీర్పరి వివేకానికి చోటు ఉండదు. కాబట్టి పుస్తకంలో లేని చోట అటువంటి సందర్భాలను పోల్చి చూసి, న్యాయానికీ తర్కానికీ ఒప్పే పరిష్కారం వెతకమని దాని భావం.

ఈ రెండింటినీ ఒకే వారంలో చేసి చూపినవాడు లోథార్ ష్మిడ్. 1972లో రెక్యావిక్‌లో ఫిషర్, స్పాస్కీల పోటీకి ఆయన ప్రధాన తీర్పరి. కెమెరాలు తీయలేదన్న కోపంతో ఫిషర్ రెండవ ఆటకు రాలేదు. గంట గడిచింది. ఆట పోయినట్లు ప్రకటిస్తే ఫిషర్ ఇంటికి వెళ్ళిపోవచ్చు. ప్రపంచమంతా ఎదురుచూస్తున్న పోటీ ఆగిపోవచ్చు. అయినా ష్మిడ్ ఆట పోయినట్లే ప్రకటించాడు, ఎందుకంటే గంట నియమం స్పష్టంగా ఉంది. మూడవ ఆట ప్రేక్షకులకు దూరంగా వెనుక గదిలో ఆడడానికి మాత్రం, స్పాస్కీ సమ్మతించడంతో, వీలు కల్పించారు. రాసి ఉన్న నియమాన్ని ష్మిడ్ సడలించలేదు. సర్దుకోవడానికి వీలున్న చోట ఇద్దరి అంగీకారంతో సర్దాడు. పోటీ నిలిచింది. చివరకు ఫిషర్ 12½–8½ తేడాతో గెలిచాడు.

మన ఇళ్ళలో జరిగే తగాదాలకు కారణం వేరు. బంటు మొదట రెండు గళ్ళు నడవవచ్చునని ఒకరంటారు, ఒక్క గడే అని మరొకరు. పాత దేశీయ పద్ధతిలో బంటుకు ఒక్క గడే. రాజుకు ఒకసారి గుర్రంలా దూకే వీలు కూడా ఉండేది. దేశీయ చదరంగంలో పెరిగిన పంజాబువాడు సుల్తాన్ ఖాన్ పాశ్చాత్య పద్ధతి నేర్చుకుని 1929లో బ్రిటిష్ విజేత అయ్యాడు. రెండు పద్ధతులూ మంచివే, ఒకే బల్ల మీద రెండూ కూడనివి. ఏ పద్ధతి అన్నది బంటు కదలకముందే తేల్చుకుంటే సగం తగాదాలకు ఆస్కారమే ఉండదు.

మర్నాడు పిల్లలందరూ చేరగానే, నిన్నటి తీర్పు తప్పనీ, తప్పు నాదేననీ చెప్పాను. సంతకాలు పడిన ఫలితం మారలేదు; ఆ అర పాయింటు తిరిగి ఇవ్వడం నా చేతిలో లేదు. ఆ కుర్రవాడు దగ్గరకు వచ్చి పుస్తకంలో ఆ పుట చూపించమన్నాడు. చూపించాను. నిలబడే రెండుసార్లు చదువుకున్నాడు. తరువాత పుస్తకం నా చేతికిచ్చి, తన బల్ల దగ్గరకు వెళ్ళి కూర్చుని, పావులు సర్దుకోసాగాడు.