అర్ధరాత్రి దాటిన గుంటూరు లెక్క

2019 మే 23 రాత్రి గుంటూరు లోక్‌సభ ఓట్ల లెక్కింపు గురించి ఇప్పటికీ అదే పాట వినిపిస్తోంది: అధికారులు తాత్సారం చేశారు, హైడ్రామా నడిచింది, ఉత్కంఠ తెల్లవార్లూ సాగింది. తెదేపా అభ్యర్థి గల్లా జయదేవ్ 4,205 ఓట్లతో గెలిచిన సంగతి, ఓడిన వైకాపా అభ్యర్థి మోదుగుల వేణుగోపాలరెడ్డి ఆ ఫలితాన్ని ఒప్పుకోకపోవడం అందరికీ గుర్తే. అసలు విషయాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఆ రాత్రి లెక్కింపు కేంద్రంలో సాగిన పనులకు నిబంధనలున్నాయి, వాటికి పట్టే సమయమూ ముందే తెలుసు. తెలియనట్టు పేజీలు కట్టింది మన పత్రికల డెస్కులే.

కూడిక వేసి చూడండి. ఈవీఎం లెక్కను సరిచూడటానికి అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక్క వీవీప్యాట్ చీటీలు లెక్కిస్తే చాలన్న ఎన్నికల సంఘం వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2019 ఏప్రిల్ 8న ఆ సంఖ్యను అయిదుకు పెంచింది. సగం యంత్రాలు సరిచూడాలంటూ ఆ కేసు వేసిన ప్రతిపక్షాల వరుసలో మొదటి పేరు చంద్రబాబునాయుడిది. ఒక్క యంత్రం చీటీలకు సుమారు గంట పడుతుందని ఆ విచారణలోనే సంఘం చెప్పింది. ఈ లెక్కింపు ఒకదాని తర్వాత ఒకటిగా, అదీ ఈవీఎం రౌండ్లన్నీ ముగిశాకే జరగాలి. చీటీలు ముందు లెక్కించమని ప్రతిపక్షాలు అడిగితే మే 22న సంఘం కాదంది. పైగా మన రాష్ట్రంలో అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకేసారి ఎన్నికలు కావడంతో రెంటికీ విడివిడిగా సరిచూడాలి. చివరి రౌండు సాయంత్రం ముగిసిందంటే పోటీ గట్టిగా ఉన్నచోట లెక్క అర్ధరాత్రి దాటక తప్పదు. ఏ సబ్ ఎడిటరైనా ఆ మధ్యాహ్నమే వేసుకోగల లెక్క ఇది.

చీటీల లెక్కింపు మొక్కుబడి తంతు అనుకుంటే పొరపాటు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 56డి చదివితే తెలుస్తుంది. యంత్రం చూపిన అంకెకూ చీటీల అంకెకూ తేడా వస్తే చీటీలదే చెల్లుబాటు, ఫలితాల పత్రమైన ఫారం 20ని దాని ప్రకారమే దిద్దాలి. అంటే చీటీలు తేలేదాకా తెరమీద కనిపించే మెజారిటీకి చట్టం దృష్టిలో స్థిరత్వం లేదు. మిర్చి యార్డులో మచ్చు చూసి చెప్పిన ధరకూ, కాటా పడ్డాక చేతికొచ్చే సొమ్ముకూ ఎంత దూరమో రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. రౌండ్లవారీ ఆధిక్యానికీ రిటర్నింగ్ అధికారి సంతకం చేసిన ప్రకటనకూ ఉన్న దూరం అంతే.

గుంటూరు విషయంలో దీనికంటే పెద్ద చిక్కు పోస్టల్ బ్యాలెట్లది. తొమ్మిది వేలకు పైగా పోస్టల్ ఓట్లు తిరస్కరణకు గురయ్యాయి. మెజారిటీ 4,205. లెక్కింపులో చెల్లవని పక్కన పెట్టిన పోస్టల్ ఓట్ల కన్నా మెజారిటీ తక్కువగా ఉంటే, ఎవరూ అడగకపోయినా ఆ ఓట్లన్నిటినీ మళ్లీ పరిశీలించాకే ఫలితం ప్రకటించాలన్నది ఎన్నికల సంఘం ఆదేశం. ఆ రాత్రి అధికారులను తొందరపెట్టినవాళ్లు ఈ ఆదేశాన్ని ఎగ్గొట్టమని అడిగినట్టే.

ఇక్కడ ఇంకాస్త ఆగాలి. తిరస్కరణకు చెప్పిన కారణం బయటి కవరుమీద వరుస సంఖ్య లేదని. ఆ కవరు 13సి. లోపల 13ఎ అనే డిక్లరేషన్, 13బి అనే చిన్న కవరు ఉంటాయి, బ్యాలెట్ ఆ చిన్న కవరులో ఉంటుంది. తిరస్కరణకు కారణాలు 54ఎ నియమంలో రాసే ఉన్నాయి. డిక్లరేషన్ లేకపోవడం, దానిమీద సంతకం, ధ్రువీకరణ సరిగా లేకపోవడం, అందులో మౌలికమైన లోపం ఉండటం, డిక్లరేషన్‌లో రాసిన బ్యాలెట్ సంఖ్యకూ 13బి కవరుమీది సంఖ్యకూ పొంతన లేకపోవడం. 13సి కవరు విషయంలో ఆ నియమం చెప్పేది గడువు దాటి వస్తే తెరవకూడదని మాత్రమే. దానిమీద అంకె లేదని ఓటును పారేయమని నియమంలో ఎక్కడా కనిపించదు. నా ఉద్దేశంలో ఓటరు చేతిలోని ఓటును నియమంలో లేని కారణంతో కొట్టేయడం చెల్లదు. ఎన్నికల విధుల్లో ఉండి పోస్టల్ ఓటు వేసిన ఉద్యోగి, టీచరు తప్పు చేశారనుకున్నా ఆ తప్పుకు ఓటే పోవాలని చట్టం అనలేదు. మోదుగుల హైకోర్టుకు వెళ్లింది ఈ ఓట్ల మీదే. ఎవరు గెలవాలన్నది నాకు ముఖ్యం కాదు. తొమ్మిది వేల మంది ఓటు ఎందుకు లెక్కలోకి రాలేదన్న ప్రశ్న మే 24 పత్రికల్లో మొదటి పేజీకి రావలసింది.

ఎందుకు రాలేదో పత్రికల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. పార్శిల్ బండి కదిలే వేళే ఎడిషన్ గడువును తేలుస్తుంది. మాచర్ల, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు వెళ్లే కట్టలు ముందు అచ్చవుతాయి, నగరానికి పంచేవి చివర్న. ఏజెంటుకు కట్ట అందాలి, పేపర్ బాయ్ సైకిలెక్కాలి, తెల్లవారేసరికి పత్రిక గుమ్మంలో పడాలి. 1974లో విశాఖలో ఈనాడు మొదలైన నాటి నుంచి తెలుగు పాఠకుడికి ఇది అలవాటు, ఇందులో తప్పు లేదు. మొదట అచ్చైన కట్టలో సగం వార్త ఉండి, పూర్తి వార్త నగరంలో ఆగిపోవడమే తప్పు. మే 24న వైకాపా 151 సీట్ల ప్రభంజనం పత్రికను నింపేసింది. 25 నాటికి కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం ఏర్పాట్లు వచ్చిపడ్డాయి. గుంటూరు పోస్టల్ ఓట్లు ఈ రెంటి మధ్య జారిపోయాయి. పక్కనే పొన్నూరులో 1,112 ఓట్లు, పర్చూరులో 1,647, కృష్ణకు ఆవల విజయవాడ సెంట్రల్‌లో కేవలం 25 ఓట్లు తేడా. ఎక్కడ ఎన్ని ఓట్లు చెల్లలేదో, ఎందుకు చెల్లలేదో పాఠకుడికి ఎవరు చెప్పారు?

గెలిచిన అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ నవ్వుతూ ఎత్తి చూపిన, ఆయన ఓడిపోయాడని అచ్చేసిన 1948 నాటి షికాగో ట్రిబ్యూన్ మొదటి పేజీని ఇలాంటి సందర్భంలో అందరూ తలుచుకుంటారు. ప్రింటర్ల సమ్మె కారణంగా ఆ పత్రిక మామూలు కన్నా ముందే అచ్చుకు వెళ్లాల్సి వచ్చింది. అది గడువు వల్ల అచ్చైన తప్పు వార్త. గుంటూరులో జరిగింది గడువు వల్ల అచ్చే కాని వార్త. ఈ రెండోది ఎవరి కంటా పడదు కాబట్టి మరింత ప్రమాదకరం.

ప్రకటన వేళకు చట్టం ఇచ్చే విలువ చూస్తే పత్రికల ఈ నిర్లక్ష్యం ఇంకా స్పష్టమవుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 67ఎ సెక్షన్ ప్రకారం రిటర్నింగ్ అధికారి ప్రకటించిన రోజే ఎన్నిక జరిగిన తేదీ. 81వ సెక్షన్ కింద ఎన్నికల పిటిషన్‌కు ఉన్న 45 రోజుల గడువు అక్కడి నుంచే మొదలవుతుంది. ప్రకటన అర్ధరాత్రికి అటా ఇటా అన్నదాన్ని బట్టి ఓ పౌరుడి గడువు ఒక రోజు మారుతుంది. రీకౌంటింగ్ అడిగే హక్కుకూ 63వ నియమం హద్దు గీసింది. ఫారం 20 మీద సంతకం పడ్డాక ఆ తలుపు మూసినట్టే. ఇలాంటి రాత్రిని 'ఉత్కంఠ' అని రాసి సరిపెట్టే విలేకరి ఏ నిమిషంలో ఏ హక్కు ముగిసిందో గమనించలేదు.

2024లో ఇదే తగువు లెక్కింపుకు ముందే రాజుకుంది. డిక్లరేషన్ మీద ధ్రువీకరించిన అధికారి సంతకముండి ముద్ర లేకపోయినా చెల్లుతుందన్న ఆదేశంపై వైకాపా హైకోర్టుకు వెళ్లింది. జూన్ 1న హైకోర్టు, జూన్ 3న సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించాయి. తగువు ఉంటే ఫలితం తర్వాత పిటిషన్ వేసుకోమన్నదే సారం, రాజ్యాంగం 329(బి) అధికరణం చెప్పేదీ అదే. ఆ ఏడు గుంటూరులో పెమ్మసాని చంద్రశేఖర్‌కు 3,44,695 ఓట్ల మెజారిటీ రావడంతో పోస్టల్ ఓట్ల మాటే ఎవరూ ఎత్తలేదు. అయిదేళ్ల కిందటి ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

కాబట్టి డెస్కులను అడిగేది ఇది. ప్రకటన రాని ప్రతి స్థానం పక్కన 'రాత్రి ఇన్ని గంటలకు ఇన్ని రౌండ్లు, వీవీప్యాట్ మిగిలింది' అని వేళతో సహా వేయండి. మర్నాడు కాకపోతే ఆ మర్నాడు, జిల్లా పేజీలో ఫారం 20 అంకెలు, తిరస్కరించిన పోస్టల్ ఓట్ల సంఖ్య, కారణాలు సెగ్మెంటువారీగా ఇవ్వండి. సంబరాల ఫోటోలకు దొరికిన చోటు వీటికీ దొరుకుతుంది. మాచర్లకు వెళ్లే మొదటి కట్టలో అచ్చవని వార్త రెండోరోజు అదే కట్టలో వెళ్లాలి, గుంటూరు నగరంలో ఆగకూడదు.