బిడ్డ కన్నును చూడుడి

గోదావరిఖనిలో బొగ్గుబావికి దిగు కార్మికుడు ముందుగా తన క్యాపుల్యాంపు సరిగా వెలుగుచున్నదో లేదో చూచుకొనును. ల్యాంపు మసకబారినను ప్రార్థించుకొని దిగుదుననువాడు మన సంఘములలో ఒక్కడును లేడు. అయితే హెచ్.ఐ.వి.తో పుట్టిన బిడ్డ చూపు మసకబారినప్పుడు మనము వేరు మాట పలుకుచున్నాము! తలిదండ్రుల పాపమని కొందరు, మాత్రలు మాని విశ్వసించుమని కొందరు.

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో పుట్టుగ్రుడ్డిని చూచి శిష్యులు అడిగినదియు ఈ పాపపు లెక్కయే గదా. ప్రభువు ఆ లెక్కను త్రోసివేసి, బురద చేసి వాని కన్నులకు పూసి, సిలోయము కోనేటికి పంపెను.

ఈ బిడ్డల రక్తములో సి.డి.4 కణములు మిక్కిలి తగ్గినప్పుడు సైటోమెగలో అను వైరసు కంటి లోపలి పొరను తినివేయగలదు. నొప్పి యుండదు. ఒక కన్ను పోయినను బిడ్డ రెండవ కంటితో ఆడుకొనుచునే యుండును. పోయిన పొర మరల రాదు. మిగిలినదానినే మందు కాపాడగలదు. కనుక చుక్కలు వేసి లోపల పరీక్షించు కంటి వైద్యునియొద్దకు ఆలస్యము చేయక కొనిపోవలెను.

ఏ.ఆర్.టి. మాత్రలు 2004 నుండి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. వాటిని క్రమముగా మ్రింగు బిడ్డకు ఈ వ్యాధి అరుదు. వాటిని మాన్పించు బోధకుడు బిడ్డ కన్నును పెరికివేయుచున్నాడు. ఇంతకంటె మెత్తగా చెప్ప నాకు చేతగాదు.

సండేస్కూలు ఉపాధ్యాయులారా, పిల్లలచేత ఒక కన్ను మూయించి చదివించుడి, పిమ్మట రెండవది. అందరికిని చేయుడి, ఒక్కరిని వేరుపరచకుడి. నమ్మి చెప్పిన వ్యాధిని సమ్మతి లేక బయటపెట్టుటను 2017 నాటి చట్టము నిషేధించుచున్నది. ప్రార్థన విన్నపముల పేరిట చదువుటయు బయటపెట్టుటయే.