పొరుగింటి పాట: బూసాన్ రేవు గాయకుడు

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆ లెక్కన మన పిల్లలు కొరియా పాటల మీద మనసు పారేసుకున్నారంటే తప్పు పట్టనక్కరలేదు. ఈ మధ్య ఏ తెలుగువారింటికి భోజనానికి వెళ్ళినా మేడ మీది గదిలోంచి అవే పాటలు. "ఒక్క ముక్కయినా అర్థమవుతుందా?" అని తల్లిదండ్రులు అడగడం, పిల్లలు భుజాలెగరేసి తలుపు వేసుకోవడం మామూలయింది. ఈ నెల మేము పిల్లల పక్షాన వాదించబోవడం లేదు, పెద్దల పక్షానా వాదించబోవడం లేదు. ఆ పాటలన్నిటికీ తాతగారి వరస అయ్యే ఒకాయన సంగతి చెప్పదలచుకున్నాం. ఆయన పాటల్లో రెండు మనబోటి వాళ్ళ గురించే అనిపించడం ఇందుకు కారణం.

ఆయన పేరు చో యోంగ్‌పిల్. కొరియావాళ్ళకూ మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది, చో ఇంటిపేరన్నమాట. 1950 మార్చిలో సియోలుకు దక్షిణాన ఉన్న హ్వాసోంగ్‌లో పుట్టారు. పుట్టిన మూడు నెలలకు కొరియా యుద్ధం మొదలయింది. కుర్రతనంలో గిటారు పిచ్చి పట్టింది. తండ్రికి అది గిట్టలేదు. కొడుకు ఇల్లు విడిచి పారిపోయాడు. (కచేరీ చేస్తానన్న కొడుకుని ఇంజనీరింగులో చేర్పించిన తండ్రులు మన సంఘంలోనూ లేకపోలేదు.) 1968లో 'ఆట్కిన్స్' అనే చిన్న బృందంలో గిటారు వాయించడంతో ఆయన వృత్తి జీవితం మొదలయింది.

ఆ రోజుల్లో కొరియాలో పాటగాడికి నాలుగు డబ్బులు దొరికే చోటు అమెరికా సైనికుల క్లబ్బులు. యుద్ధం ఆగినా సైన్యం అక్కడే ఉండిపోయింది. సాయంత్రమయితే సైనికులకు వాళ్ళ దేశపు పాటలు కావాలి. ఆ దేశం ఎన్నడూ చూడని కొరియా కుర్రవాళ్ళు ఆ పాటలు నేర్చుకుని, అచ్చం వాళ్ళలాగే పాడి మెప్పించేవారు. ఇంట్లో విన్న సంగీతం ఒకటి, పొట్టకోసం పాడిన సంగీతం ఇంకొకటి. ఇంట్లో ఒక భాష, ఆఫీసులో ఒక భాషగా బతుకుతున్న మన పాఠకులకు ఈ అవస్థ విడమరిచి చెప్పక్కరలేదు.

ఆయనకు పేరు తెచ్చిన పాట 'బూసాన్ రేవుకు తిరిగి రా'. బాణీ ఆయనది కాదు. హ్వాంగ్ సోన్‌వూ అనే సంగీత దర్శకుడిది. 1972లో మొదటిసారి పాడినప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పుడది దూరమైన ప్రియురాలి కోసం పాడిన మామూలు విరహగీతం. 1976లో మళ్ళీ రికార్డు చేసినప్పుడు ప్రియురాలు అన్న మాట తీసి, ఆ చోట తోబుట్టువు అన్న మాట పెట్టారు. దానితో దేశం దేశమంతా ఆ పాట పాడింది.

ఒక్క మాటకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? కొరియా 1910 నుంచి 1945 దాకా జపాను ఏలుబడిలో ఉంది. ఆ కాలంలో లక్షలాది కొరియన్లు సముద్రం దాటి జపాను గనులకూ, కర్మాగారాలకూ వెళ్ళారు. కొందరు పొట్ట చేతపట్టుకుని వెళ్ళారు. యుద్ధకాలంలో చాలామందిని బలవంతాన తీసుకుపోయారు. యుద్ధం ముగిశాక ఎక్కువమంది తిరిగివచ్చినా సుమారు 6 లక్షల మంది అక్కడే ఉండిపోయారు. ఇంతలో స్వదేశం రెండు ముక్కలయింది. జపానులో ఉన్నవారిలో చాలామంది ఉత్తర కొరియా పక్షపు సంఘంలో చేరారు. వాళ్ళ సొంత ఊళ్ళేమో ఎక్కువగా దక్షిణాన ఉన్నాయి. రాజకీయం అడ్డుపడి, ఓడలో ఒక రాత్రి ప్రయాణం ముప్పై ఏళ్ళ ఎడబాటయింది.

1975లో దక్షిణ కొరియా ప్రభుత్వం ఆ సంఘంవాళ్ళను సొంత ఊళ్ళు చూసి పొమ్మని రానిచ్చింది. అదీ చుసోక్ పండుగకు. చుసోక్ అంటే కోతల పండుగ; కొత్త బియ్యంతో వండి పెద్దలకు పెట్టుకుంటారు, సమాధుల దగ్గరకు వెళతారు. మన సంక్రాంతికి పెద్దలను తలుచుకోవడం వంటిదే. తలలు నెరిసిన అన్నదమ్ములు ఒకరినొకరు గుర్తుపట్టలేక, పేర్లు చెప్పుకుని కౌగిలించుకున్న రోజులవి. జపాను నుంచి పడవలు చేరే రేవు బూసాన్. సరిగ్గా ఆ సమయంలో, ఆ రేవు ఒడ్డున నిలబడి తోబుట్టువును రమ్మని పిలిచే పాట వచ్చింది. ఇక ఆగుతుందా!

తరవాతి కథ మనకు నవ్వు తెప్పిస్తుంది. ఆ పాట జపాను భాషలోకి వెళ్ళింది. 1983లో అత్సుమి జిరో అనే గాయకుడు పాడగా అక్కడా మారుమోగింది. అయితే జపాను పాటలో తోబుట్టువు మాయమై, ప్రియుడి కోసం ఎదురుచూసే స్త్రీ ప్రత్యక్షమయింది. డబ్బింగ్ పాటలు విని పెరిగిన మనకు ఇది వింత కాదు. కాని ఎవరు ఎవరిని ఎందుకు సముద్రం దాటించారన్న సంగతి మాత్రం ఆ అనువాదంలో పడవ దిగలేదు.

ఇంత పేరు వచ్చిన మరుసటి ఏడే, 1977లో, ఆయన పని అయిపోయిందనుకున్నారు. అధ్యక్షుడు పాక్ చుంగ్‌హీ ప్రభుత్వం 1975 చివర నుంచి గంజాయి పేరుతో సంగీతకారులను వరసగా పట్టుకుంటూ వచ్చింది. ఆ వల చో యోంగ్‌పిల్ మీదా పడింది. వేదిక ఎక్కనివ్వలేదు. సుమారు మూడేళ్ళు అలా గడిచాయి. ఆ కాలంలో ఆయన పాన్సోరీ సాధన చేసి గొంతును కొత్తగా మలుచుకున్నారు. పాన్సోరీ అంటే ఒక గాయకుడు, ఒక డప్పు వాద్యగాడు కలిసి గంటల తరబడి కథ చెప్పే కళ. మన హరికథనూ బుర్రకథనూ తలుచుకుంటే కొంత తెలుస్తుంది. అందులో గొంతు మృదువుగా ఉంటే చాలదు. బొంగురుపోయి, పగిలి, మళ్ళీ పట్టు చిక్కాలి. అమెరికన్ క్లబ్బుల్లో పాడిన మనిషి, చేతిలో పని లేనప్పుడు తన దేశపు పాత గొంతును వెతుక్కున్నాడు. ఈ వృత్తాంతంలో మాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

1979 అక్టోబరులో పాక్ చుంగ్‌హీ హత్యకు గురయ్యారు. డిసెంబరులో గాయకుల మీద నిషేధం తొలగింది. 1980లో వచ్చిన ఆల్బం కొరియాలో 10 లక్షలకు పైగా అమ్ముడుపోయిన మొదటి ఆల్బం అని చెబుతారు. అందులో పేరు మోసిన రెండు పాటలకూ బాణీలు ఆయనవే. 'కిటికీ బయటి స్త్రీ' ఒక రేడియో నాటకం కోసం కట్టినది. అందులో పాన్సోరీ గొంతు వినిపిస్తుంది. 'పొట్టి జుట్టు' సింథసైజరుతో, సన్నని దొంగగొంతుతో ఉరకలేస్తుంది. ఒకే రికార్డులో అమ్మమ్మకొకటి, మనమరాలికొకటి! 1980 మేలో జరిగిన గ్వాంగ్జూ ఘోరాన్ని 2017లో 'ఎ టాక్సీ డ్రైవర్' సినిమాగా తీసినప్పుడు, ఆ కాలాన్ని గుర్తుచేయడానికి మొదట్లోనే ఈ 'పొట్టి జుట్టు' పాట వినిపించారు.

ఆయన వేదిక ఎక్కితే అమ్మాయిలు 'ఒప్పా' అని కేకలు వేసేవారు. వాళ్ళకు 'ఒప్పా దండు' అని పేరే పడిపోయింది. ఆడపిల్ల అన్నయ్యను పిలిచే పిలుపు ఒప్పా. మనసైన వాడినీ అలాగే పిలుస్తారు. అన్నయ్యా అని పిలిచి ప్రేమపాట పాడించుకోవడం మనకు మింగుడు పడదు. మనం ఆ పని బావకు అప్పగించాం.

ఇక రెండో పాట. సియోలు జనాభా 1960లో సుమారు 24 లక్షలు. 1988 నాటికి కోటి దాటింది. అంటే పల్లెలు ఖాళీ అయ్యాయన్నమాట. ఊరు విడిచిపోయే పడుచువాళ్ళ గురించి విమానంలో పత్రిక చదువుతుండగా ఆయనకు ఒక పాట తట్టిందని చెబుతారు. 1991లో వచ్చిన ఆ పాట పేరు 'కల'. మాటలూ ఆయనవే, బాణీ ఆయనదే. మెరిసే నగరాన్ని నమ్ముకుని వచ్చినవాడు అక్కడ తన చోటేదో తెలియక, ఊరిని తలుచుకుంటూ తిరుగుతాడు. పాట చివరికీ ఇల్లు చేరడు.

బూసాన్ పాట ఒడ్డున ఉండిపోయినవాళ్ళది. అందులో పోయినవాడు తిరిగి వస్తే చాలు, కష్టం తీరినట్టే. 'కల' వెళ్ళినవాళ్ళది. వెళ్ళినవాడికి తిరిగి వెళ్ళడం అంత తేలిక కాదనీ, తను విడిచిన ఊరు తను విడిచినట్టే ఉండదనీ అందులో ధ్వనిస్తుంది. ఒకే గొంతు ఈ రెండూ పాడింది. మన ఇళ్ళల్లో మొదటి పాట టెలిఫోనులో అమ్మ పాడుతుంది, "ఎప్పుడొస్తున్నావురా?" అని. రెండోది మనం లోపల పాడుకుంటాం, అమ్మకు వినిపించనివ్వం.

2005లో ఆయన ప్యోంగ్యాంగ్‌లో కచేరీ చేశారు. 2018లో దక్షిణాది కళాకారుల బృందంతో మళ్ళీ వెళ్ళారు. 2013లో, 63వ ఏట, పదేళ్ళ మౌనం తరవాత 'హలో' అనే ఆల్బంతో వచ్చారు. అందులోని 'బౌన్స్' పాట, అప్పుడు లోకమంతా వింటున్న సై పాటను వెనక్కి నెట్టి కొరియాలో మొదటి స్థానానికి చేరింది. పిల్లలకు ఆ పాట తెలుసు. పెద్దలకు మేము చెప్పదలచిన పాట వేరు: అదే ఆల్బంలో ఉద్యోగాలు విరమించే వయసు వాళ్ళ మీద ఒక పాట ఉంది. మాటలు రాసినది సాంగ్ హోగున్ అనే సామాజికశాస్త్ర ఆచార్యుడు; బాణీ చో యోంగ్‌పిల్‌ది. 2024 అక్టోబరులో ఆయన 20వ ఆల్బం వెలువడింది. ఆల్బంగా బహుశా ఇదే ఆఖరు కావచ్చునని ఆయన అన్నారు.

చివరగా పాఠకులకు ఒక మనవి. మనవాళ్ళూ సముద్రాలు దాటారు. కోరంగి నుంచి, కాకినాడ నుంచి, విశాఖపట్నం నుంచి ఓడలెక్కి రంగూను వెళ్ళినవారు ఎందరో. 1942లో యుద్ధం తరుముకొస్తే అక్కడి నుంచి నడిచి వచ్చినవారూ ఉన్నారు. వాళ్ళ కోసం ఒడ్డున ఎదురుచూసిన ఆడవాళ్ళు దంచుతూ, విసురుతూ, ఊడుస్తూ పాడుకున్న పాటలేవైనా మీ ఇంటి పెద్దలకు గుర్తున్నాయా? రెండు చరణాలయినా సరే, ఏ ఊరిదో, ఎవరి నోట విన్నారో కలిపి రాసి పంపండి. ఇండియాకు ఫోను చేసినప్పుడు అడగండి. వచ్చే ఏడాది అడుగుదామనుకోవద్దు. వచ్చిన పాటలను ఈ శీర్షికలోనే అచ్చువేస్తాం. అప్పుడు మేడ మీది పిల్లలను కిందికి పిలిచి, మన రేవు పాట కూడా వినమని అడగడానికి మనకు ఒక పాటంటూ ఉంటుంది.