ఎండలోనూ మంచు భయమే!

వేసవి మధ్యాహ్నం ఉస్మానియా క్యాంపస్ నుంచి తార్నాక చౌరస్తా దాకా నడిస్తే చాలు, 40 డిగ్రీల ఎండకి మాడు పగిలిపోతుంది. అదే సమయంలో 35 వేల అడుగుల ఎత్తున ఎగిరే విమానం చుట్టూ ఉండేది దాదాపు మైనస్ 54 డిగ్రీల చలి! చక్రాలను ముడిచే కీళ్లలో నీరు మిగిలితే అక్కడ గడ్డకడుతుంది. కీళ్లు బిగుసుకుంటే, దిగేటప్పుడు చక్రాలు బయటకు రాకపోవచ్చు.

అందుకే మెకానిక్‌లు గడువు ప్రకారం కీళ్లలోకి కొత్త గ్రీజు ఎక్కిస్తారు. అది పాత గ్రీజునీ, అందులో చేరిన నీటినీ బయటకు నెట్టేస్తుంది. టైర్లలోనూ మామూలు గాలి బదులు తేమలేని నైట్రోజన్ నింపుతారు. ఎండలు మండుతున్నాయి కదా అని ఈ పనులు వాయిదా వేయడానికి వీల్లేదు. మనదేశంలో ఆ నిబంధనల అమలును చూసేది డీజీసీఏ. తప్పనిసరి మరమ్మతు పూర్తికాని విమానం గాల్లోకి లేవకూడదు!