ఇంట్రానెట్ పుస్తకం కొంటున్నారా? ముందు లాగిన్ అధ్యాయం చూడండి!

2025 జులైలో షేర్‌పాయింట్ పేరు వార్తల్లో మార్మోగింది. ఈ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్లపై నడుపుకుంటున్న సంస్థలపై హ్యాకర్లు దాడులు చేశారు. మైక్రోసాఫ్ట్ అత్యవసరంగా భద్రతా ప్యాచ్‌లు విడుదల చేయాల్సి వచ్చింది. ఉద్యోగులు ఫైళ్లు పంచుకోవడానికి, పాలసీలు చూసుకోవడానికి చాలా కంపెనీలు వాడేది ఇలాంటి వేదికలనే. బయటివారికి తెరుచుకోని ఈ అంతర్గత వెబ్‌సైట్‌నే ఇంట్రానెట్ అంటారు.

బ్యాంకులు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు... అన్నిచోట్లా దీన్ని కట్టేవాళ్లు, నడిపేవాళ్లు కావాలి. అందుకే కోఠి దుకాణాల్లోనో, ఆబిడ్స్ ఆదివారం సంతలోనో ఓ లావుపాటి ప్రోగ్రామింగ్ పుస్తకం కొని కుస్తీ మొదలుపెట్టేవారు చాలామంది. మరి ఆ పుస్తకం ఈ పనికి పనికొస్తుందా? కొనేముందే తేల్చుకోవచ్చు.

అసలు తేడా ఎక్కడ?

మామూలు వెబ్‌సైట్‌లో పేజీ అందరికీ కనిపించాలి. ఇంట్రానెట్‌లో ఎవరికి ఏది కనిపించకూడదన్నదే మొదటి ప్రశ్న. ఉద్యోగికి తన పేస్లిప్ ఒక్కటే కనిపించాలి. మేనేజర్‌కు తన టీమ్ సెలవులు కనిపించాలి కానీ, పక్క టీమ్‌వి కాదు. అడ్రస్ బార్‌లో 101ని 102గా మార్చగానే ఇంకొకరి పేస్లిప్ వచ్చేసిందంటే, డిజైన్ ఎంత అందంగా ఉన్నా ఆ అప్లికేషన్ ఫెయిలైనట్టే.

ఇది చిన్న పొరపాటేం కాదు. వెబ్ భద్రతా లోపాలపై ఓవాస్ప్ సంస్థ ఇచ్చే టాప్ 10 జాబితాలో ఇలాంటి అనుమతుల లోపం 2017లో అయిదో స్థానంలో ఉంటే, 2021లో మొదటి స్థానానికి చేరింది. అయినా కొన్ని పుస్తకాలు టేబుల్ తయారుచేయడం, ఫారం నింపడం, జాబితా చూపించడం దగ్గరే ఆగిపోతాయి. అవి చదివి ఇంటర్వ్యూకు వెళ్తే, ‘ఈ పేజీ ఎవరెవరు చూడొచ్చో ఎలా నిర్ణయిస్తావ్?’ అనగానే నోట మాట రాదు.

పాతదైతే పారేయాల్సిందేనా?

అక్కర్లేదు. ‘హెడ్ ఫస్ట్ సర్వ్‌లెట్స్ అండ్ జేఎస్‌పీ’నే తీసుకోండి. దాని రెండో ఎడిషన్ 2008 నాటిది. తర్వాత సర్వ్‌లెట్ ప్యాకేజీల పేర్లు ‘జావాఎక్స్’ నుంచి ‘జకార్తా’కు మారాయి. కాబట్టి అందులోని కోడ్‌ను ఉన్నదున్నట్టు కొడితే టామ్‌క్యాట్ 10లో నడవదు. కానీ ‘వచ్చింది ఎవరు? వారికి ఏ హక్కుంది?’ అని విడమరిచి చెప్పే భద్రతా అధ్యాయం ఇప్పటికీ పనికొస్తుంది. పైగా నడుస్తున్న వ్యవస్థను కంపెనీలు రాత్రికి రాత్రే మార్చేయవు. మెయింటెనెన్స్ ప్రాజెక్టులో పడితే పాత కోడ్ చదవగలగడమే మీ బలం.

అంటే సింటాక్స్ త్వరగా పాతబడుతుంది, సూత్రం నిలుస్తుంది. సింటాక్స్ కోసం ఉచితంగా దొరికే అధికారిక డాక్యుమెంటేషన్ ఉంది. డబ్బు పెట్టాల్సింది సూత్రం చెప్పే పుస్తకం మీదే.

పది నిమిషాల పరీక్ష

- వెర్షన్: పీహెచ్‌పీ పుస్తకంలో ‘మైఎస్‌క్యూఎల్_కనెక్ట్’ కనిపిస్తే పక్కన పెట్టేయండి. 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే దాన్ని తీసేశారు. షేర్‌పాయింట్ సర్వర్ 2016, 2019లకు మద్దతు గడువు 2026 జులై 14. వాటిపై రాసిన పుస్తకాన్ని కొత్తగా కొనడం దండగ.
- విషయసూచిక: లాగిన్, రోల్స్, సింగిల్ సైన్ ఆన్, యాక్టివ్ డైరెక్టరీ లేదా ఎల్‌డాప్, ఆడిట్ లాగ్, బ్యాకప్... వీటిలో కనీసం మూడింటికి చోటుందా?
- పాస్‌వర్డ్: దాన్ని ఉన్నదున్నట్టుగానో, ఎండీ5తోనో దాచమంటే ఆ పుస్తకం వద్దు.
- క్వెరీ: యూజర్ టైప్ చేసిందాన్ని నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికిస్తున్నారా? అది ఇంజెక్షన్ దాడికి తలుపు తీయడమే.
- ఉదాహరణ: ఒకే అప్లికేషన్‌ను మొదటినుంచి చివరిదాకా కట్టి చూపించారా, లేక ముక్కలు ముక్కలుగా వదిలేశారా?

ఈ పరీక్షలో నెగ్గిన పుస్తకం కాలేజీ లైబ్రరీలో ఉంటే ఇంకా మంచిది. కొనక్కర్లేదు.

చదివాక ఏం చేయాలి?

ఉద్యోగి, మేనేజర్, హెచ్‌ఆర్ అనే మూడు రోల్స్‌తో చిన్న సెలవుల అప్లికేషన్ కట్టండి. తర్వాత మీ స్నేహితుణ్ని ఉద్యోగిగా లాగిన్ చేయించి, పక్కవాళ్ల సెలవులు చూడటానికి ప్రయత్నించమనండి. చూడగలిగితే పుస్తకంలో ఆ అధ్యాయం మళ్లీ తెరవండి. చూడలేకపోతే ఎందుకు చూడలేకపోయాడో రెండు వాక్యాల్లో రాసుకోండి. రెజ్యూమెలో ‘జావా తెలుసు’ అన్న మాట కన్నా ఆ రెండు వాక్యాలకే ఇంటర్వ్యూలో విలువెక్కువ.