ఆగమనకాలము
క్రీస్తుజయంతికి ముందు వచ్చు నాలుగాదివారముల కాలమును క్రైస్తవులు ఆగమనకాలమందురు. ఇది పండుగ కాదు, పండుగకై వేచియుండుట.

1839వ సంవత్సరమున జర్మనీలోని హాంబర్గు నగరమునందు నిరుపేద బాలురను పోషించుచుండిన విఖెర్నుగారు, పండుగ యెన్నడని వారు మాటిమాటికి నడుగుచుండగా, బండిచక్రముపై క్రొవ్వొత్తులమర్చి దినమున కొకటి వెలిగింపజేసిరి. ఆదివారములకు పెద్దవి, తక్కిన దినములకు చిన్నవి. నేడు గృహములలో సాధారణముగ నాలుగే వెలిగింతురు.

ఆ వెలుగున లూకా సువార్త మొదటి యధ్యాయమందలి మరియమ్మ గీతమును చదువుకొనవచ్చును. ఆకలిగొన్నవారికి తృప్తి కలుగునని యా పేదతల్లి పాడినది. మన తెనుగు సంఘములవారికి పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలుండనే యున్నవి. కవిత కోరువారికి 1872లో వెలువడిన క్రిస్టినా రొసెట్టిగారి శీతకాలగీతము కలదు.

చలికి జర్మనులు ద్రాక్షసారాయమును కాచుకొందురు. పిల్లలుగల యింట ద్రాక్షరసమే మేలు. నాలుగు గ్లాసుల రసమున చిన్న దాల్చినచెక్క, ఆరు లవంగములు, అల్లపుముక్క, కొంచెము నారింజతొక్క వైచి, సన్నని సెగపై కాచి, మరుగకమునుపే దింపి వడకట్టవలెను.

ఒక్క గ్లాసు అధికముగ కాచుడని మా మనవి. గుమ్మమున చలికి వణకువారుండవచ్చును. వేచియుండుట యెట్టిదో మనకన్న వారికే బాగుగ తెలియును.